ఏ బలానికి?

“డబ్బా ఇస్తవా, ఇయ్యవా?”

“ఇయ్యనక్కా.”

“ఎందుకియ్యవ్? నా పైసలు చెల్లయా?”

“పైసలు చెల్తయ్. నీ పిల్లకు ఈ డబ్బానే చెల్లదు.”

“మరి అద్దాల వెనక బతుకమ్మ లెక్క ఎందుకు పేర్చినవ్?”

“అమ్మనీకే పేర్చిన. డబ్బా కావాలని వచ్చినోళ్లకు డబ్బా ఇస్త. నువ్వు బలం కావాలంటివి. అది నా తాన లేదు.”

“బయట బోర్డు మీద మందుల దుకాణమని రాసినవా, నీతులు చెప్పే బడి అని రాసినవా?”

“పిల్లను దవాఖానాకు తీస్కపో అక్కా. రక్తం చూపియ్యి. ఏం తక్కువుందో తెలిస్తే అదే ఇస్త.”

“నెల రోజులల్ల నడక పరీక్ష పెట్టుకొని రక్తాలు, కాగితాలు అంటవేంది? రేపు పిల్ల నడవలేకపోతే నీ కాగితాలొచ్చి నడుస్తయా?”

నేనూ ఆ మందుల దుకాణం ఆయనా గట్టిగానే మాట్లాడుకున్నాం. చండ్రుగొండ సెంటర్లో ఆయన దుకాణం అరుగు మీద, ఇప్పపువ్వు మూటలు దించుకుని కూర్చున్న అడవి పల్లెల ఆడవాళ్ళు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని మమ్మల్నే చూస్తున్నారు. నేను అడిగింది అద్దాల బీరువాలో ఉన్న పెద్ద పొడి డబ్బా. దాని మీద ఒక ఆడపిల్ల జుట్టు ఎగరేసుకుంటూ పరుగెత్తుతున్న బొమ్మ ఉంది. మా మనవరాలు కూడా అట్లా పరుగెత్తాలని నా ఆశ.

నా కొడుకూ కోడలూ ఇల్లందు బొగ్గు బావుల దగ్గర ఉంటారు. మనవరాలు చిన్నప్పటి నుంచి నా దగ్గరే పెరిగింది. అడవి శాఖలో బీట్ ఆఫీసర్ ఉద్యోగానికి పరీక్ష రాసి గట్టెక్కింది. ఇక మిగిలింది నడక. ఇన్ని గంటల్లో ఇంత దూరం నడవాలని లెక్క ఉంటుందట. నడకకు కూడా పరీక్ష ఏమిటని మొదట నవ్వాను. కట్టెల మోపు నెత్తిన పెట్టుకుని నేను నడిచిన నడకకు ఎవరూ మార్కులు వేయలేదు. కానీ పిల్ల పొద్దున్నే రోడ్డు మీద నడక మొదలుపెట్టిన నాలుగు రోజులకే నా నవ్వు పోయింది. సగం దారిలోనే మైలురాయి మీద కూలబడేది. ముఖం పొయ్యిలో బూడిద రంగులో ఉండేది. ఈసారి ఉద్యోగం తప్పితే పెండ్లి చేసేస్తానని నా కొడుకు పట్టు మీద ఉన్నాడు. పిల్లకు పెండ్లి మాటంటే గిట్టదు. అందుకని చీరల కింద దాచుకున్న డబ్బు తీసుకుని ఆటో ఎక్కి వచ్చాను. ఊరికే ఖర్చు పెట్టే మనిషిని కాను నేను. పప్పు కడిగిన నీళ్ళు కూడా బీరపాదుకు పోస్తాను. అటువంటిదాన్ని డబ్బు చేత్తో పట్టుకుని నిలబడితే, తీసుకోనంటాడా?

ఈ కొట్లాట జరిగి కొన్నేళ్ళయింది. మొన్న శుక్రవారం ఆయన పోయాడు. గుండె ఆగిందట. ఆటో అబ్బాయి చెపితే తెలిసింది. నేను వెళ్ళేసరికి మా మనవరాలు అప్పటికే అక్కడ ఉంది. బీట్ నుంచి ఖాకీ బట్టల్లోనే వచ్చి, బూట్లు గుమ్మం బయట విడిచి, ఆయన భార్య పక్కన కూర్చుని ఉంది. వాళ్ళ ఆడవాళ్ళ మధ్య నాకూ చోటిచ్చారు. ఎవరో చాయ్ ఇచ్చారు. గ్లాసు పట్టుకోగానే ఆయన గొంతు చెవిలో పడింది. “దేంతోటి మింగుతున్నవ్?”

ఆయనను మా దిక్కు ఎవరూ పేరు పెట్టి పిలవలేదు. ‘ఏబలం భాయ్’ అనేవాళ్ళు. కారణం చెపుతాను. మందుల దుకాణానికి వచ్చేవాళ్ళలో సగం మంది జ్వరానికో దెబ్బకో వస్తారు. మిగతా సగం బలానికి వస్తారు. “భాయ్, బలానికి ఏమన్నా ఇయ్యి” అంటారు. దానికి ఆయన జవాబు ఒక్కటే.

“ఏ బలానికి?”

“ఏ బలం ఏంది భాయ్, బలానికి.”

“ఎత్తే బలానికా? దున్నే బలానికా? పెండ్లాం తోటి కొట్లాడే బలానికా?”

నిలబడ్డవాళ్ళు నవ్వేవాళ్ళు. అడిగినవాడు తల గోక్కునేవాడు. అప్పుడు ఆయన నవ్వకుండా చెప్పేవాడు. “బలానికి గోళీ లేదు తమ్మీ. లోటుకు గోళీ ఉంది. నీ లోటేందో చెప్పు.”

సన్నటి మనిషి. పొట్టి చేతుల తెల్ల చొక్కా, జేబులో ఒకే పెన్ను. ముక్కు మీద అద్దాలు కాక, బల్లకు పురికొసతో కట్టిన ఇంకొక భూతద్దం ఉండేది. డబ్బా ఏదైనా చేతికివ్వగానే తలకిందులు చేసి, అడుగు నుంచి చదవడం మొదలుపెట్టేవాడు. ఎందుకట్లా అని ఒకసారి అడిగాను.

“పెద్దక్షరాలు అమ్మేటోడు రాస్తడక్కా. చిన్నక్షరాలు వాని వకీలు రాయిస్తడు. నేను వకీలు మాటే వింట.”

ఎదుటివాడు చెప్పింది నమ్మకపోతే ఆయన కాదనేవాడు కాదు. అద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకునేవాడు. “సిగరెట్లు మానేసిన భాయ్” అని ఎవరన్నా అంటే అద్దాలు తుడిచేవాడు. “పథ్యం చేస్తున్న” అంటే తుడిచేవాడు. ఆ దుకాణానికి నాలుగుసార్లు వెళ్ళిన ఎవరికైనా దాని అర్థం తెలుసు. అందుకే ఆయన అద్దాల మీద చెయ్యి వేస్తే మాకు మాట తడబడేది.

ఈ బలం సరుకంతా మూడు అరల్లో సర్ది ఉండేది. పేర్లు రాయలేదు కానీ రోజూ వచ్చేవాళ్ళకు తెలుసు. పై అర ‘ఉంది’. నడిమిది ‘తెల్వదు’. కింది అర ‘లేదు’. ఉంది అంటే, పనిచేస్తుందని రుజువు ఉందని. ఆయన పెద్దబిడ్డ పట్నంలో మందుల చదువు చదివింది. ఏ గోళీని ఎంతమంది మీద ఎట్లా పరీక్షించారో ఆమె ఫోన్లో చదివి చెపితే, ఈయన పొడుగు పుస్తకంలో తెలుగులో రాసుకునేవాడు. వాటినే ‘కాగితాలు’ అనేవాడు. బిడ్డ కొత్త సంగతి చెప్పినప్పుడల్లా సీసాలు ఒక అర నుంచి ఇంకో అరకు మారేవి. ‘లేదు’ అరకు దిగినవే ఎక్కువ. పైకి ఎక్కినవి నాకు తెలిసి ఒకటో రెండో.

ఒకసారి బడి పంతులొకాయన చేపనూనె గోళీలు అడిగాడు, గుండెకు మంచివని.

“నడిమి అర సార్. ఒక కాగితం మేలంటది. ఇంకోటి ఏం ఫరక్ లేదంటది. తెల్వదు.”

“ఇంత చదివి తెల్వదంటవేంది?”

“చదివినంక తెల్వదంటున్న సార్. చదవకముందు తెలుసననే అనుకున్న. చేపలు తింటరా?”

“తింట.”

“అయితే చేపలు తినుండ్రి. పులుసుకు కాగితం అక్కర్లేదు.”

జుట్టు ఒత్తుగా రావాలని అడిగే ఆడపిల్లలకు కింది అర చూపించేవాడు. “లోటున్నోళ్లకు పనిచేస్తది. నీకు లోటున్నట్టు లేదు. ఊడేది జుట్టు కాదు బిడ్డా, నీ పైసలు” అనేవాడు. అయినా కావాలని పట్టుబడితే ఇచ్చేవాడు. పొడి డబ్బాల సంగతి అడిగితే, “దీంట్ల ఉండేది పప్పుల, గుడ్డుల ఉండేదే. పనిచేస్తది, తిండి లెక్క. తిండి దొరకనోనికి మేలు. దొరికినోనికి షోకు” అనేవాడు. లోపల నుంచి ఆయన భార్య తెర పక్కకు జరిపి, “మీ తెల్వదు తోటి పొయ్యి మండుతదా?” అనేది. ఆయన వినపడనట్టు ఉండేవాడు. అన్నీ మంచి గుణాలే అనను. చిరాకు మనిషి. వరుసలో ముసలివాళ్ళున్నా తన పుస్తకం రాసుకోవడం అయ్యేదాకా తల ఎత్తేవాడు కాదు. జర్దా పాన్ వదలలేదు. అది ఏ అరలోదని అడిగితే, “అది అరల పెట్టలేదక్కా, బుగ్గల పెట్టిన” అన్నాడు. పొద్దున్నే ఒక చెంచాడు నల్ల జీలకర్ర తేనెతో తినేవాడు. దానికీ కాగితం ఉందా అన్నాను.

“జరంత ఉంది.”

“జరంతకే తింటున్నవా?”

“మిగిలింది మా అమ్మ మాట.”

ఈ కాగితాల లెక్క నాకు మొదట ఎక్కలేదు. చదువుకున్నది నాలుగో తరగతి దాకా. ఒక మధ్యాహ్నం వాన పడుతుంటే అరుగు మీద కూర్చోబెట్టి చెప్పాడు. వెయ్యి మందిని పిలుస్తారట. సగం మందికి అసలు గోళీ, సగం మందికి ఉత్త పిండి గోళీ ఇస్తారట. ఎవరికి ఏది ఇచ్చారో ఎవరికీ చెప్పరట. నెలలు గడిచాక రెండు గుంపులనూ పక్కపక్కన పెట్టి చూస్తారట.

“గింతేనా?” అన్నాను. “మా పత్తి చేన్ల నేను చేసిందే కదా. ఒకడు కొత్త ఎరువు తెచ్చి, ఇది ఏస్తే పత్తి పగిలిపోతదన్నడు. నాలుగు సాల్లకు ఏసిన, నాలుగు సాల్లు ఇడిచిపెట్టిన. రెండు దిక్కుల ఒక్క తీరుగనే కాసింది. పక్క చేనాయన చేనంత చల్లి, ఎరువు బాగ పనిచేసిందని ఊరంత చెప్పిండు. ఆ ఏడు వానలు మంచిగ పడ్డయ్. బూడిద చల్లినా కాసేది.”

ఆయన స్టూలు మీద నుంచి లేచి నిలబడ్డాడు.  తరువాత పొడుగు పుస్తకం తీసి ఏదో రాసుకున్నాడు. ఆ రోజు నుంచి ఎవరు పొడి డబ్బాతో వచ్చి “నాకు ఇది తాగినంక నెమ్మది అయింది” అన్నా, “వానలు మంచిగ పడ్డయేమో. అక్కను అడుగు, సాల్ల లెక్క చెప్తది” అనేవాడు. నా మాట ఒకరి పుస్తకంలోకి ఎక్కడం నా బతుకులో అదొక్కసారే.

పై అరలో సీసాలు తక్కువ. రక్తం తక్కువున్నవాళ్ళకు ఐరన్ గోళీ అందులో మొదటిది. కడుపుతో ఉన్నవాళ్ళకిచ్చే ఫోలిక్ గోళీ దాని పక్కన. “ఇవి రెండు దవాఖానల ఊరికే ఇస్తరు. అందుకే ఎవ్వరు నమ్మరు. వీటికీ బొమ్మ ఏసి, ధర పెడితే ఎగబడుతుండె” అనేవాడు. అడవి పల్లెల నుంచి వచ్చిన కడుపుతో ఉన్న ఆడవాళ్ళకు, తనకు వచ్చిన నాలుగు కోయ మాటల్లో ఇదే చెప్పేవాడు. దేంతో మింగుతున్నావని అడిగేవాడు. చాయ్‌తో అంటే నెత్తి కొట్టుకునేవాడు. చాయ్ ఆ ఇనుమును పట్టుకుని కూర్చుంటుందట, లోపలికి పోనివ్వదట. నిమ్మకాయ నీళ్ళతో మింగమనేవాడు. మా దిక్కు ఎవరు చాయ్ తాగుతూ కనిపించినా “దేంతోటి మింగుతున్నవ్?” అని అడగడం ఆయనకు అలవాటయింది.

నేనూ ఊరికే వచ్చినదాన్ని నమ్మలేదు. పొదుపు మనిషినని చెప్పుకుంటాను కదా, అంగన్‌వాడీ టీచరమ్మ మా మనవరాలికి ఇచ్చిన ఎర్ర ఐరన్ గోళీలను అటక మీద పడేశాను. బొమ్మ ఉన్న డబ్బాకు దాచుకున్న డబ్బంతా తీసుకుని పోయాను. పక్క చేనాయనకూ నాకూ తేడా ఏమిటో ఆ రోజు నాకు తోచలేదు.

కొట్లాట దగ్గర ఆగాను కదా. డబ్బు మళ్ళీ కొంగున ముడి వేసుకున్నాను.

“రక్తం తక్కువనే అనుకుంటున్నవా? అయితే ఆ ఐరన్ గోళీలన్న ఇయ్యి. అవి నీ పై అరలయే కదా.”

“చూడకుండ అవి కూడా ఇయ్యనక్కా. లోటున్నోళ్లకు మందు. లోటు లేకుంటే ఒంటికి బరువు. ఈ అడవి దిక్కు కొందరికి పుట్టుకతోటే రక్తం తీరు వేరే ఉంటది. వాళ్లకు ఊరికే ఇనుము పెడితే కీడు. ఒక్క సూది పోటు. దవాఖానల పైస తీసుకోరు.”

“నీకు కాగితాల మీద ఉన్న ధ్యాస మనుషుల మీద లేదు భాయ్. ఇంకో దుకాణానికి పోత.”

మెట్లు దిగాను. వెనక నుంచి పిలిచాడు.

“అక్కా. కోపం తర్వాత చేద్దువుగాని. ఒక్కటి చెప్పి పో. పిల్ల పచ్చి బియ్యం బుక్కుతదా?”

నా కాలు మెట్టు మీదనే ఆగింది.

అరుగు మీద ఆడవాళ్ళు నా వైపు తిరిగారు. పచ్చి బియ్యం పిడికిళ్ళతో నోట్లో పోసుకునే పిల్ల ఉన్న ఇల్లంటే లోకం ఏమనుకుంటుంది? పిల్లకు కడుపునిండా పెట్టరని అనుకుంటుంది. అందులో నేను పిసినారినని ఊళ్ళో పేరున్నదాన్ని.

“మా ఇంట్ల అన్నానికేం కొదవ లేదు భాయ్. పచ్చి బియ్యం ఎందుకు బుక్కుతది?” అన్నాను.

“నేను అన్నం సంగతి అడగలేదక్కా.”

“బుక్కదు” అన్నాను.

ఆయన అద్దాలు తీశాడు. చొక్కా అంచు పట్టుకుని మెల్లగా తుడిచాడు. ఒక అద్దం, తరువాత రెండో అద్దం. నేను ఆటో ఎక్కేదాకా తుడుస్తూనే ఉన్నాడు.

ఇంటికి వచ్చేసరికి పొద్దు ఇంకా ఉంది. వంటకు బియ్యం తీయబోయాను. మా బియ్యం డ్రమ్ము మూత మీద రుబ్బురోలు పొత్రం ఉంటుంది. ఈ మధ్య నేనే పెట్టాను. దసరా నుంచీ పిల్ల వస్తూ పోతూ పిడికెడు బియ్యం నోట్లో వేసుకుంటుంటే, బియ్యం దండుగవుతున్నాయని పెట్టాను. దాని బట్టలు ఉతికితే జేబుల్లో నుంచి గింజలు తేలేవి. “పచ్చి బియ్యం బుక్కితే పెండ్లినాడు వాన పడ్తది” అని తిట్టేదాన్ని. మా అమ్మ నన్ను అట్లాగే తిట్టింది, వాళ్ళమ్మ ఆమెను తిట్టింది. “పడనియ్యి నాయినమ్మా, అట్లన్న పెండ్లి ఆగుతది” అనేది అది. ఇద్దరం నవ్వుకునేవాళ్ళం. అన్ని నెలలూ వాన గురించే మాట్లాడుకున్నాం.

పిల్ల వాకిట్లో మంచం మీద కాళ్ళు చాపుకుని పడుకుని ఉంది. చెప్పులు కూడా విడవలేదు. దగ్గరకు పోయి అడిగాను.

“బియ్యం ఎందుకే తింటవ్?”

“ఇప్పుడు తింటలేను కదా. నువ్వు రాయి పెట్టినవ్.”

“తిట్టనీకి అడుగుతలేను. ఎందుకు తింటవ్?”

కాళ్ళకున్న చెప్పులు మంచం కిందికి తోసేసింది.

“తెల్వదు నాయినమ్మా. నోరు అడుగుతది. వాకిలి అలికినప్పుడు ఆ మట్టి వాసనకు మట్టి గూడ తినబుద్ధైతది. నీకు చెప్తే తిడ్తవని చెప్పలే.”

దాని కింది రెప్ప వేలితో దించి చూశాను. ఎర్రగా ఉండవలసిన చోట ఉతికిన గుడ్డలా తెల్లగా ఉంది. బియ్యం, మట్టి అడిగేది నోరు కాదు, ఆ రక్తం లోటే. దాన్ని నా చేతుల్తో పెంచాను. రోజూ తల దువ్వాను. రెప్ప దించి చూడాలని తోచలేదు. దుకాణంలో కూర్చున్న మనిషి పిల్లను ఒక్కసారన్నా చూడకుండా, సరిగ్గా నేను రాయి పెట్టి మూసిన చోటే వేలు పెట్టాడు.

పొత్రం దించి కొట్టంలో పెట్టాను. ఆ పూట అన్నం వండాను, తిన్నాం. 

తెల్లవారి పిల్లను వెంటబెట్టుకుని మొదటి ఆటోకు చండ్రుగొండ పోయాను. దుకాణం ఇంకా తెరవలేదు. అరుగు మీద కూర్చున్నాం. ఆయన వచ్చి తాళం తీసి, షట్టర్ సగం లేపేసరికి నేను లేచి నిలబడ్డాను.

“బుక్కుతది” అన్నాను.

ఆయన వంగి ఉన్నవాడు అట్లాగే తల తిప్పి నన్ను చూశాడు, పిల్లను చూశాడు. అద్దాల మీదికి చెయ్యి పోలేదు.

“ఎన్ని దినాల సంది?”

“దసరా సంది.”

షట్టర్ మళ్ళీ కిందికి దించాడు. తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

“నడువుండ్రి” అన్నాడు.

ముగ్గురం దవాఖానా దాకా నడిచాం. దారిలో పిల్ల రెండుసార్లు ఆగింది. రెండుసార్లూ మేమిద్దరం కూడా ఆగాం.